కదంబం వాసనతో సెంటు: ఇంట్లో చేసుకున్న నా అనుభవం

మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ మే 8న నెల్లూరులో జరిగింది. వచ్చినవాళ్లకి రిటర్న్ గిఫ్టుగా నేను చెన్నైలో మా ఇంట్లో చేసిన సెంటు రోల్-ఆన్‌లు ఇచ్చాం. ఫిబ్రవరి మొదటి వారంలో మొదలుపెడితే సీసాల్లోకి ఎక్కేసరికి మే ఒకటో తేదీ అయింది. అప్పటి నుంచి చుట్టాలు ఫోన్ చేసి ఎలా చేశావని అడుగుతూనే ఉన్నారు, ఫోన్లో చెబితే సగం విషయాలు తప్పిపోతున్నాయి, అందుకే జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నాను.

ఏ వాసన కావాలో నాకు ముందే తెలుసు. పెరంబూరులో మా వీధి చివర పూలావిడ అమ్మే కదంబం: మల్లెలు, కనకాంబరాలు, మధ్యమధ్యలో మరువం, దవనం రెమ్మలు. కనకాంబరానికి వాసన ఉండదు కాబట్టి మిగిలిన మూడింటినీ పట్టుకోవాలి. అక్కతో చెబితే "ఇప్పుడదంతా ఎందుకే, స్టీలు డబ్బాలు కొనేద్దాం" అంది. పక్కనుంచి దాని కూతురు ఫోన్ లాక్కుని "పిన్నీ, నువ్వు చెయ్యి, నేను అమ్మతో మాట్లాడతాను" అంది. అలా ఖాయమైంది.

మొదటి అడ్డంకి ఆల్కహాల్. బయట కొనే స్ప్రే సెంట్లు దాదాపు అన్నీ ఇథనాల్‌లో చేసినవే. 95 శాతం ఇథనాల్ మనలాంటి వాళ్లు కొట్టుకెళ్లి కొనుక్కునేది కాదు, దానికి ఎక్సైజ్ అనుమతులు ఉంటాయి. మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి దాని ఘాటు దానికుంది, ఇంజెక్షన్ ముందు దూదితో తుడిచే వాసనే వస్తుంది. వోడ్కాలో చేయొచ్చని చాలామంది చెబుతారు. మా ఆయన ఒక క్వార్టర్ తెచ్చారు, చిన్న గ్లాసులో పోసి అయిదారు చుక్కల కమలా నూనె వేశాను. వెంటనే పాలలా తెల్లబడింది, పొద్దున చూస్తే నూనె పైకి తేలి ఉంది. మన దగ్గర వోడ్కాలో ఆల్కహాల్ 42.8 శాతమే, మిగతాదంతా దాదాపు నీళ్లే, నూనె ఎక్కడ కరుగుతుంది? దాంతో స్ప్రే ఆలోచన మానేసి నూనె ఆధారంగా రోల్-ఆన్ చేద్దామని తేల్చుకున్నాను. పిల్లలు కూడా వాడేది కాబట్టి నాకదే నయమనిపించింది.

వాసన నూనెలని కలపడానికి అడుగు నూనెగా మామూలు కొబ్బరినూనె పనికిరాదు. దాని వాసన దానికి ఉంటుంది, పైగా డిసెంబరులో గడ్డకడుతుంది. ఎప్పుడూ గడ్డకట్టకుండా, వాసన లేకుండా శుద్ధి చేసిన ఫ్రాక్షనేటెడ్ కొబ్బరినూనె దొరుకుతుంది, అదీ, జొజోబా నూనె కలిపి వాడాను. జొజోబా త్వరగా మక్కదు, కానీ ఖరీదు.

ఫిబ్రవరి మధ్యలో ఒక శనివారం లోకల్ ట్రైన్లో సెంట్రల్‌కి వెళ్లి, అక్కడి నుంచి పార్క్ టౌన్‌లో నైనియప్ప నాయకన్ వీధికి ఆటోలో వెళ్లాను. కెమికల్స్, సెంటు నూనెలు, సీసాలు అన్నీ ఆ చుట్టుపక్కలే. ఒక పాత కొట్లో పెద్దాయన నా తమిళం విని తెలుగులోకి దిగారు. మల్లె నూనె అడిగితే వెనక్కి తిరిగి చూడకుండానే "నూటయాభైదా, అసలుదా అమ్మా?" అన్నారు. తేడా ఏంటండీ అంటే ఒక సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టారు. "ఇది కాంపౌండు. అగరబత్తికి, రూమ్ ఫ్రెషనర్‌కి వేస్తారు. బాగానే ఉంటుంది, కానీ పువ్వులోంచి వచ్చింది కాదు. ఒంటికి రాసుకునేదానికైతే నేను ఇవ్వను." ఆ ఒక్క మాటకి ఆయనకి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

తర్వాత తెలుసుకున్నదేంటంటే, మల్లెపువ్వుని ఆవిరిపట్టి నూనె తీస్తే ఆ వేడికి వాసన చెడిపోతుంది. అందుకని మదురై, సత్యమంగలం వైపు ఫ్యాక్టరీల్లో పూలని హెక్సేన్ లాంటి ద్రావకంలో నానబెట్టి ముందు మైనం లాంటి ముద్ద తీస్తారు, దాన్ని ఆల్కహాల్‌తో కడిగి అబ్సల్యూట్ అనే చిక్కటి వాసన నూనె తీస్తారు. ఒక కిలో రావాలంటే వందల కిలోల పూలు కావాలి. కాబట్టి పది మిల్లీలీటర్ల సీసా మీద 'స్టీమ్ డిస్టిల్డ్ జాస్మిన్ ఎసెన్షియల్ ఆయిల్' అని రాసి రెండొందలకి అమ్ముతుంటే అందులో మల్లె లేదనే అర్థం. నేను 5 మి.లీ. అబ్సల్యూట్ 2,800కి కొన్నాను. చేతిలో పెట్టుకుంటే అగ్గిపెట్టె కంటే చిన్న సీసా.

గంధం దగ్గర ఇంకో రెండు వారాలు పోయాయి. ఆన్‌లైన్లో ఒకచోట 10 మి.లీ. 450కి దొరికితే తెప్పించాను. సీసా తెరవగానే గుప్పుమంది, తీపిగా, ఘాటుగా. కాగితం ముక్క మీద ఒక చుక్క వేసి ఉంచితే తెల్లారేసరికి ఏమీ లేదు. అసలైన గంధం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది, మొదట అసలు ఉందా అనిపిస్తుంది, కానీ కాగితం మీద రోజుల తరబడి నిలుస్తుంది. అమ్మినవాళ్లకి రాస్తే తెరిచిన సీసా వెనక్కి తీసుకోం అన్నారు. ఆ డబ్బు పోయినట్టే. మైసూరులో ప్రభుత్వ గంధపు నూనె ఫ్యాక్టరీ 1916 నుంచి ఉంది కదా, అటు వెళ్తున్న మా ఆడపడుచుతో అక్కడి ప్రభుత్వ దుకాణంలో 5 మి.లీ. తెప్పించుకున్నాను, 2,200. మార్చి 9న చేతికొచ్చింది. మూత తీస్తే నాకు ఏమీ తెలియలేదు, టెన్షన్ పడి అత్తయ్యకి ఇచ్చాను. ఆవిడ ఒక్కసారి పీల్చి "ఇది గంధమేనమ్మా, సాన మీద తీసిందే ఇలా ఉంటుంది" అన్నారు. పది నిమిషాలాగి మళ్లీ చూస్తే నాకూ అందింది.

ఉగాది వరకూ కలపడం అనేదే పెట్టుకోలేదు. నూనెలని విడివిడిగా తెలుసుకోవడానికే సరిపోయింది, ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన రోజులు అవే. చార్ట్ పేపరు సన్నగా కత్తిరించి, పెన్సిల్‌తో పేర్లు రాసి, ఒక్కోదాని మీద చుక్క వేసి అప్పుడే ఒకసారి, గంటకి ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి వాసన చూసేదాన్ని. కమలా గంటలోపే మాయం. మరువం సూటిగా తలనొప్పి బామ్ వైపు వెళ్లిపోయింది, పూలదండలో ఉన్నంత మెత్తగా లేదు. దవనం మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది, ఆకు వాసనతో పాటు ఎండు ఆప్రికాట్ లాంటి తీపి వాసన, గంటలు గడిచేకొద్దీ ఇంకా బాగుంది. వట్టివేరు నూనె చిక్కటి పాకంలా ఉండి డ్రాపర్లోకే ఎక్కదు, సీసాని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచితే గానీ కదల్లేదు. వర్షం పడ్డ మట్టి, వేరు, కొంచెం పొగ.

ఇక మల్లె. ముదురు నారింజరంగు, చిక్కగా. తెరిచి పీలిస్తే బీరువాలో వేసే కలరా ఉండల వాసన, దాని వెనకాల వాడి కుళ్లిన పూలబుట్ట వాసన. రెండు వేల ఎనిమిది వందలు! గుండె ఆగినంత పనైంది. అందులో ఇండోల్ అనే పదార్థం ఉంటుందట, మామూలు మల్లెపువ్వులోనూ కొద్దిగా ఉంటుంది, చిక్కగా ఉంటే ఇలాగే ఉంటుంది. ఒక పాలు మల్లెకి తొమ్మిది పాళ్లు కొబ్బరినూనె కలిపి, దాన్ని మళ్లీ అలాగే పలచన చేసి, కాగితం మీద వేసి వంటింట్లోకి వెళ్లి వచ్చాను. గదిలోకి అడుగుపెట్టగానే మల్లెలు. సాయంత్రం ఏడింటికి విచ్చిన మల్లెలు. అత్తయ్య పక్క గదిలోంచి "పూలు కొన్నావా?" అన్నారు. ఈ కష్టమంతా ఎందుకు పడ్డానో ఎవరైనా అడిగితే ఈ ఒక్క నిమిషం కోసమని చెబుతాను. మీరు చేసేటట్టయితే ఏ నూనెనీ నేరుగా సీసాలోంచి చూసి నిర్ణయం తీసుకోకండి, పదో వంతుకి పలచన చేసి చూడండి. ఖరీదైనవి ఆదా అవుతాయి కూడా, నా ట్రయల్స్ అన్నీ ఆ పలచన చేసినవాటితోనే చేశాను.

ట్రయల్ చేసిన ప్రతి మిశ్రమాన్నీ వారం ఆపాలి. కలిపిన రోజు నూనెలు ఒకదానితో ఒకటి పొసగవు, మరువం ఒక్కటే ముందుకొచ్చి కూర్చుంటుంది. వారానికి కొంచెం సర్దుకుంటాయి. ఫంక్షన్ తేదీ దగ్గర పడుతుంటే ఈ వారాలు లెక్కపెట్టుకోవడం చాలా కష్టంగా అనిపించింది, తొందరపడి రెండో రోజే మరువం పూర్తిగా తీసేద్దామనుకున్న మిశ్రమమే పదో రోజుకి అందరికీ నచ్చింది.

ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. సెంటు పుస్తకాల్లో, వీడియోల్లో రాసుకోగానే మొదట తగిలే వాసనకి బెర్గమోట్ అనే నిమ్మజాతి పండు నూనె వేయమంటారు. తొక్క పిండి తీసిన బెర్గమోట్ నూనె ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కాలినట్టు మచ్చలు పడొచ్చు, అందులోని బెర్గాప్టెన్ అనే పదార్థం వల్ల. చర్మం మీద ఉండిపోయే వాటిలో అంతర్జాతీయ సువాసనల సంస్థ ఇఫ్రా దానికి పెట్టిన హద్దు 0.4 శాతం. పిండి తీసిన నిమ్మ నూనెకీ ఇలాగే హద్దు ఉంది. మే నెల, నెల్లూరు, పందిట్లో అటూ ఇటూ పరుగెత్తే పిల్లలు. నేను ఆ రెండింటి జోలికే పోలేదు. తియ్య కమలా నూనెకి ఈ ఎండ సమస్య లేదు, అదే వేశాను. దాల్చినచెక్క నూనె కూడా వద్దు, చర్మం మండుతుంది.

మార్చి నెలాఖరుకి లెక్క తేలింది. 250 మి.లీ. అడుగు నూనెకి గంధం 4 గ్రాములు, కమలా మూడున్నర, మల్లె అబ్సల్యూట్ 2, వట్టివేరు ఒకటిన్నర, దవనం 0.8, మరువం 0.2. మొత్తం కలిపి సుమారు 5 శాతం. పెద్దవాళ్లకైతే ఇంకా చిక్కగా చేసుకోవచ్చు, పిల్లలున్నారు కాబట్టి నేను అక్కడే ఆగాను. చుక్కల లెక్క పెట్టుకోవద్దు. వట్టివేరు చుక్క, కమలా చుక్క ఒక బరువు ఉండవు. ఆరువందలకి 0.01 గ్రాము చూపించే చిన్న తూకం మిషను దొరుకుతుంది, అది లేకుండా మొదలుపెట్టకండి.

ఆ మిషనుతో ఇంకో ఇబ్బంది నేను ఎక్కడా చదవలేదు. ఫ్యాను తిరుగుతుంటే అంకెలు నిలవవు, 0.03, 0.07, మళ్లీ 0.04. ఏప్రిల్ 3న అసలు కలపడం పెట్టుకున్నాను, చెన్నైలో ఏప్రిల్లో ఫ్యాను కట్టేసి, కిటికీలు మూసి, చెమట చుక్క బీకరులో పడకుండా నుదుటికి తుండు కట్టుకుని గంటన్నర కూర్చున్నాను. ముందు చిక్కటివి, గంధం, వట్టివేరు, మల్లె. వాటిని కొద్ది జొజోబాలో బాగా కలిపాక మిగతావి. ముక్కు మధ్యలో పనిచేయడం మానేస్తుంది, అప్పుడు బయటికెళ్లి రావడం తప్ప దారి లేదు.

కమలా నూనె కొన్న కొట్టువాళ్లు దాన్ని రబ్బరు డ్రాపర్ మూతతోనే ఇచ్చారు. కొద్ది రోజులకే ఆ రబ్బరు ఉబ్బి, జిగురుగా అయి, నూనెకి ఆ వాసన పట్టింది. నిమ్మజాతి నూనెలు రబ్బరుని తినేస్తాయి. ఇంకో సీసా కొని గట్టి మూతతో ఫ్రిజ్‌లో పెట్టాల్సి వచ్చింది.

కలిపినదాన్ని గోధుమరంగు గాజు సీసాలో పోసి, గుడ్డ చుట్టి, బట్టల బీరువా కింది అరలో నాలుగు వారాలు ఉంచాను. వారానికోసారి మెల్లగా తిప్పి ముంజేతికి ఒక గీత రాసుకుని చూసేదాన్ని. మొదటి వారం విడివిడిగా కమలా, తర్వాత బామ్, తర్వాత మట్టి. మూడో వారం దాటాక అవి విడిగా పట్టుకోవడానికి దొరకలేదు, పూలావిడ తట్ట మీద తడిగుడ్డ తీసినప్పుడు వచ్చే వాసనకి చాలా దగ్గరగా వచ్చింది. అచ్చంగా అదే అని చెప్పను. తాజా పూలల్లో ఉండే ఆ నీటి చల్లదనం నూనెకి రాదు.

అదే సమయంలో మోచేతి మడతలో కొంచెం రాసి రెండు రోజులు చూడమని ఇంట్లో అందరికీ, అక్కవాళ్లకీ ట్రయల్ సీసా పంపాను. ఎగ్జిమా ఉన్న మా మరిది కూతురికి మాత్రం చిన్న దురద వచ్చి, కడిగేశాక తగ్గింది. తనకి ఈ సీసా ఇవ్వలేదు. అందరికీ ఇచ్చిన డబ్బాలో ఒక చీటీ పెట్టాం: ముందు మోచేతి దగ్గర చూసుకోండి, పసిపిల్లలకి, కడుపుతో ఉన్నవాళ్లకి వద్దు, మొహానికి వద్దు, పట్టుబట్టల మీద రాయొద్దు. చివరిది చాలా ముఖ్యం. ఇది నూనె, పట్టుచీర మీద పడితే మరక పోదు. చీర కట్టుకోకముందే మణికట్టుకి, మెడకి రాసుకుని ఆరనివ్వాలి.

మే ఒకటిన వడకట్టాను. అడుగున కొద్దిగా మడ్డి దిగింది, అది మల్లె అబ్సల్యూట్‌లోని మైనం, కాఫీ ఫిల్టర్ పేపరులో పోస్తే గంటల కొద్దీ కారింది. 5 మి.లీ. రోల్-ఆన్ సీసాల్లోకి సూది లేని సిరంజితో నింపాం. స్టీలు గోళీ ఉన్నవి తీసుకోండి, ప్లాస్టిక్ గోళీ కంటే చల్లగా, సాఫీగా తిరుగుతుంది. గోళీ ఉన్న ఆ మూతముక్క వేలితో నొక్కితే ఎక్కదు, సీసాని తలకిందులుగా బల్ల మీద ఆనించి బరువంతా వేస్తే టప్‌మని కూర్చుంటుంది. ఆ శబ్దం రాకపోతే కారుతుంది. మా ఆయన, నేను రాత్రి పదకొండింటి దాకా అదే పని. తర్వాత అన్నిటినీ టిష్యూ మీద పడుకోబెట్టి పొద్దున చూశాం, రెండిటికి కారింది, గోళీ మార్చాం. యాభై వస్తాయనుకుంటే వడపోతలో, సిరంజిల్లో పోగా మూడు తక్కువ వచ్చాయి.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. మల్లె 2,800, గంధం 2,200, దవనం 750, వట్టివేరు 600, మరువం 350, కమలా రెండుసార్లు కలిపి 560, అడుగు నూనెలు 1,130, సీసాలు 1,300, తూకం 600, సిరంజిలు, గ్లవ్స్, చీటీలు, డబ్బాలు 700. వృథాగా పోయిన గంధం 450. ఇంచుమించు పదకొండున్నర వేలు, సీసాకి రెండొందల నలభై పైనే. కొనేదానికంటే చవకగా అవుతుందని మాత్రం ఎవరూ మొదలుపెట్టొద్దు. కాకపోతే దవనం, వట్టివేరు, మరువం సగానికి పైగా మిగిలే ఉన్నాయి.

అప్పటికి అగ్ని నక్షత్రం, అంటే తమిళనాట మే నెల మండుటెండల రోజులు, మొదలైపోయింది. సీసాలని ఐస్ ప్యాకులతో చల్లటి సంచిలో పెట్టుకుని నెల్లూరు రైలెక్కాను. ఫంక్షన్లో పెద్దవాళ్లు చాలామంది అక్కడికక్కడే చేతికి రాసుకున్నారు. ఒంటి మీద ఎలా ఉంటుందంటే, కమలా పావుగంటలో పోతుంది, మల్లె, దవనం రెండు మూడు గంటలు, ఆపైన సాయంత్రం దాకా గంధం, వట్టివేరు. నూనె సెంటు కాబట్టి గది నిండా వ్యాపించదు, పక్కన కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. స్ప్రే అలవాటున్న మా బావ "ఏదీ, రాలేదే" అన్నారు. మా పెద్దమ్మ మాత్రం రెండో సీసా అడిగి తీసుకుంది. అక్క కూతురు తన సీసాని ఎవరికీ ఇవ్వకుండా వోణీ మడతలో దాచుకుని తిరిగింది.

ఇప్పుడు ముగ్గురు నలుగురు డబ్బిస్తాం, పెళ్లికి చేసిపెట్టమంటున్నారు. అమ్మడానికి చేయాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్రంలోని డ్రగ్స్ కంట్రోల్ వాళ్ల దగ్గర లైసెన్సు తీసుకోవాలి, వంటింట్లో చేసి అమ్మేది కాదు. అందుకని కొలతలు పైన రాసేశాను, నా తూకం మిషను నెల్లూరులో అక్క దగ్గర వదిలి వచ్చాను. మల్లె మాత్రం ఆ పెద్దాయన చెప్పిన అసలుదే కొనండి, గంధం ధర చూసి కొనండి, ఫంక్షన్‌కి కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి.